కబురమ్మ చెప్పనన్న మాట

ఆ క్లినిక్‌లో చెడ్డమాట చెప్పాల్సి వస్తే యాజమాన్యం పెదవి విప్పేది కాదు. అందుకోసమే ఒక మనిషిని పెట్టుకుంది. పెద్ద డాక్టరుగారి గదికీ మేనేజరు గదికీ మధ్య, బీరువా పెడితే నిండిపోయేంత చోటులో ఒక బల్ల, రెండు ఫోన్లు, గోడ మీద డాక్టర్ల డ్యూటీల బోర్డు, ఆ బల్ల వెనక ఆవిడ. తలుపు మీద బిళ్ళలో ‘పర్సనల్ అసిస్టెంట్ టు మేనేజ్‌మెంట్’ అని ఉండేది. అంత పొడుగు మాట పలికే ఓపిక లేక సిబ్బంది అంతా ఆవిడని చాటుగా కబురమ్మ అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉండడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

పైకి కనిపించే పనులు చాలా ఉండేవి. పెద్ద డాక్టరుగారి అపాయింట్‌మెంట్లు చూడాలి. మందుల కంపెనీల వాళ్ళని గుమ్మంలోనే ఆపాలి. ఆయన నెత్తి మీద పెట్టుకున్న కళ్ళజోడు కోసం గదంతా వెతుకుతుంటే, నవ్వు రాకుండా చూసుకుని, ఎక్కడుందో చెప్పాలి. కానీ అసలు పని కబుర్లు మోయడం. అడిగిన సెలవు దొరకదనీ, డ్యూటీ ఆదివారానికి మారిందనీ, రేపటి నుంచి రానక్కర్లేదనీ చెప్పడం. ఆ చివరి మాట ఆవిడ ఎంత మెత్తగా చెప్పేదంటే, విన్నవాళ్ళు మెట్లు దిగి బస్టాపు దాకా వెళితేగానీ వాళ్ళకి ఏడుపు వచ్చేది కాదు. ఆవిడ కారిడార్‌లో నడిచొస్తుంటే రిసెప్షన్ అమ్మాయి కంప్యూటర్‌లోకి తల దూర్చేసేది. మందుల కౌంటరాయన అరల వెనక్కి జారుకునేవాడు. ఇవాళ ఎవరికి మూడిందో అని మిగతావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు.

మేనేజరు పెద్ద డాక్టరుగారి అల్లుడు. అందరూ ఆయన్ని అల్లుడుగారనే అనేవాళ్ళు, మొదట్లో వెనకాల, తర్వాత ఎదురుగానే. పాపం, ఆయనా అలవాటుపడిపోయాడు. ఇస్త్రీ నలగని చొక్కా, ఘాటైన సెంటు, మర్యాద ఉట్టిపడే మాటలు. ఎవరికైనా ప్రమోషన్ వస్తే తానే కిందికి దిగొచ్చి చెయ్యి కలిపి, భుజం తట్టి, ఫోటో దిగేవాడు. ఎవరినైనా తీసెయ్యాల్సి వస్తే ఆ పూట ఆయనకి బయట ముఖ్యమైన పని ఉండేది. మంచి మాటలన్నీ ఆయన వాటా, మిగిలినవన్నీ కబురమ్మ వాటా. పంపకం ఇంత చక్కగా కుదిరాక ఇంక చెప్పేదేముంది!

కబురమ్మని చూసి జంకని మనిషి ఆ భవనంలో పెద్ద సిస్టర్ ఒక్కతే. నర్సులందరికీ పెద్దది, క్లినిక్ పెట్టిన నాటి నుంచీ ఉన్నది. నోరు విప్పిందంటే పేషెంట్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ. ఏసీ విషయంలో మొదలైన గొడవ ఎక్కడెక్కడికో పోయి, ఒకనాడు అందరి ముందూ పెద్ద సిస్టర్, “మాట్లాడితే సార్ చెప్పమన్నారంటావు, నీకంటూ మాటే లేదా?” అని అడిగేసింది. కబురమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా డ్యూటీ మాటలు తప్ప ఇంకో మాట లేదు.

అసలు ముప్పు ఒక కొత్త పద్ధతి వల్ల వచ్చింది. ఇదివరకు ల్యాబ్ వాళ్ళు రక్తపరీక్షలో ప్రమాదం కనిపిస్తే నేరుగా పెద్ద సిస్టర్‌కి ఫోన్ చేసేవాళ్ళు. ఆవిడ చెప్పుల చప్పుడు చేసుకుంటూ పోయి, లోపల ఎవరున్నా సరే, డాక్టరుగారి చెవిన వేసేది. అల్లుడుగారు వచ్చాక ఇది ఆయనకి సంతలా కనిపించింది. మామగారు పేషెంటుతో మాట్లాడుతుండగా మధ్యలో ఎవరూ దూరకూడదన్నాడు. ల్యాబ్ ఫోన్ కబురమ్మకి రావాలి, కబురమ్మ తనకి చెప్పాలి, డాక్టరుగారికి ఎప్పుడు చెప్పాలో తాను చూస్తాడు. మామగారికి ఈ నిశ్శబ్దం బాగా నచ్చింది. పెద్ద సిస్టర్ ఒంటికాలి మీద లేచింది. “మనిషి ప్రాణం మీదకొచ్చినప్పుడు ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగాలా?” అంది. ఆ ప్రశ్నని అల్లుడుగారు చిరునవ్వుతో విని, కొత్త పద్ధతి రేపటి నుంచే మొదలని కబురమ్మతో కబురు పంపించాడు.

అలా ఉండగా ఒక శనివారం మధ్యాహ్నం ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. బజారు వీధి దర్జీకి పొటాషియం బాగా పెరిగిపోయిందట, గుండె మీదికి రావచ్చట, వెంటనే డాక్టరుగారికి చెప్పమన్నారు. దర్జీకి మూత్రపిండాల జబ్బు. పొద్దున్నే వచ్చి రక్తం ఇచ్చి, సూది గుచ్చిన పిల్ల జాకెట్టు కుట్టు చూసి ఇది ఎవరు పాడుచేశారమ్మా అని నవ్వించి వెళ్ళాడు. కబురమ్మ ఫోన్ పెట్టేసి అల్లుడుగారి గదిలోకి పరుగున పోయింది. ఆయన కొత్త వెయిటింగ్ హాలుకి కర్టెన్ల రంగులు చూస్తున్నాడు. బల్లంతా గుడ్డముక్కలు. ఆవిడ విషయం చెప్పింది. “సరే మేడమ్, నేను చూసుకుంటా” అన్నాడు, ఒక గుడ్డముక్క కిటికీకి అడ్డం పెట్టి వెలుతురులో చూస్తూ. చూసుకుంటానన్నాడు కదా అని ఆవిడ వచ్చేసింది.

ఆయన చూసుకున్నది కర్టెన్లని. సాయంత్రం దర్జీ మిషను మీదే వాలిపోయాడు. పక్క కొట్టువాళ్ళు పెద్దాసుపత్రికి మోసుకుపోయారు కాబట్టి బతికాడు. అక్కడి డాక్టరు ల్యాబ్‌లో కనుక్కుని దర్జీ భార్యతో, మీ క్లినిక్‌కి ల్యాబ్ వాళ్ళు మధ్యాహ్నమే ఫోన్ చేశారు కదమ్మా, మీకెవరూ చెప్పలేదా అని అడిగాడు. ఆ ఇల్లాలు కోపంగా కాదు, అర్థంకాక అడిగింది అందరినీ, మధ్యాహ్నమే తెలిస్తే మాకెందుకు చెప్పలేదని. సోమవారం పొద్దున్నే ఆమె అన్నయ్య క్లినిక్‌కి ఫోన్ చేసి, రేపు వస్తాం, మాకు జవాబు కావాలన్నాడు.

ఆ సాయంత్రం అల్లుడుగారు కబురమ్మని పిలిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోమన్నాడంటేనే ఏదో ఉందని ఆవిడకి తెలుసు.

“రేపు వాళ్ళొస్తారు. మీరే మాట్లాడాలి. మీరు మాట్లాడితే ఎవరైనా మెత్తబడతారు” అన్నాడు.

“ఏం చెప్పాలి సార్?”

“ల్యాబ్ ఫోన్ రాగానే మీరు పెద్ద సిస్టర్‌కి చెప్పారు. ఆవిడ మర్చిపోయింది. వయసైపోయింది కదా, జరుగుతుంది. ఆవిడ్ని తీసేశామని కూడా చెప్పండి, వాళ్ళకి కాస్త తృప్తిగా ఉంటుంది.”

“తీసేశామా సార్?”

“అదే, వాళ్ళు వెళ్ళాక ఆవిడకీ మీరే చెప్తారు.”

కబురమ్మ బల్ల మీద చూసింది. గుడ్డముక్కలు ఇంకా అక్కడే ఉన్నాయి. నేను చెప్పింది మీకు కదా సార్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే ఆగింది. ఇన్నేళ్ళూ అక్కడ ఆపడమే నేర్చుకుంది మరి. “సరే సార్” అని బయటికొచ్చింది. వస్తుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు ఆరిన బట్టలు మడతలు పెడుతోంది. కబురమ్మ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడి జరిగిందంతా చెప్పేసింది. భర్త స్కూటరు రిపేరు షాపు నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. “నీకెందుకీ తలనొప్పి? చెప్పమన్నది చెప్పేసి రా. ఆవిడతో నీకు పడదు కూడా కదా” అన్నాడు.

“పడకపోతే మాత్రం? చెయ్యని తప్పు ఆవిడ నెత్తిన రుద్దమంటారా?”

“నేను రుద్దమన్నానా? మీ అల్లుడుగారు అంటున్నాడు. నువ్వు కాదంటే నిన్నే పంపించేస్తాడు. ఆ మాట ఆలోచించు.”

అత్తగారు ఒక దుప్పటి చివర కోడలికి అందించి, రెండో చివర తాను పట్టుకుంది. ఆవిడ రక్తపోటుకి ఆ క్లినిక్‌కే వెళుతుంది. “ఆ పెద్ద సిస్టరు నోరు మంచిది కాదమ్మాయ్” అంది దుప్పటి దులుపుతూ. “మొన్న ఉప్పు తగ్గించలేదని నన్ను అంతమంది ముందు కడిగేసింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయితే ఒకటి. తిట్టేదేదో నా ఎదురుగా నిలబడి తిట్టింది. నీతో చెప్పి పంపించలేదు.”

భర్త తల తుడుచుకుంటూ ఆగిపోయాడు. “నువ్వు కూడా దీన్ని ఎగదొయ్యి అమ్మా” అన్నాడు.

“ఎగదొయ్యడానికి అదేమైనా చిన్నపిల్లా? దానికి తోచింది అది చేస్తుంది. నువ్వు ఆ తువ్వాలు తడిది మడతల మీద పడెయ్యకు.”

కబురమ్మ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎంతమందికి ఈ నోటితో చెప్పిందో గుర్తొచ్చింది. సఫాయి చేసే ఆవిడ, రాత్రి కాపలాదారు, పెళ్ళైన వారానికే ఉద్యోగం పోగొట్టుకున్న ఎక్స్‌రే కుర్రాడు. వాళ్ళలో ఒక్కరు కూడా అల్లుడుగారిని తిట్టుకుని ఉండరు. తిట్టుకుంటే తననే తిట్టుకుని ఉంటారు. ఆ ఆలోచనతో ఆవిడకి ఒళ్ళు మండింది. రేపు దర్జీ పెళ్ళాం తన మాట నమ్ముతుంది, అదీ అసలు బాధ. తను చెబితే ఎవరైనా నమ్ముతారు.

మర్నాడు దర్జీ భార్యా, ఆమె అన్నయ్యా చెప్పిన వేళకే వచ్చారు. పెద్ద డాక్టరుగారి గదిలో కూర్చోబెట్టారు. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. అన్నయ్య లారీ డ్రైవరు. రాత్రంతా బండి నడిపి వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్ద డాక్టరుగారు బల్ల మీది పెన్నులన్నీ ఒక వరసలో సర్దుతున్నారు. అల్లుడుగారు కిటికీ దగ్గర నిలబడి, మీరు మొదలుపెట్టండన్నట్టు కబురమ్మకి తలాడించాడు. తలుపు సగం తెరిచి ఉంది. అవతల హాల్లో పెద్ద సిస్టర్ ఎవరికో జ్వరం చూస్తోంది.

“అమ్మా” అంది కబురమ్మ దర్జీ భార్యతో. ఆ గొంతు అలవాటు కొద్దీ మెత్తగానే వచ్చింది. “శనివారం ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చిన మాట నిజమే. మన పెద్ద సిస్టర్ మర్చిపోయిందని, ఆవిడ్ని తీసేశామని మీతో చెప్పమని మేనేజరు సార్ నాకు నిన్న చెప్పారు.”

అల్లుడుగారు తల ఊపబోయి ఆగిపోయాడు. ఏదో తేడాగా ఉందని అప్పుడే తట్టింది ఆయనకి.

“అది నిజం కాదమ్మా. సిస్టర్‌కి ఆ ఫోన్ సంగతే తెలియదు. ఫోన్ నాకొచ్చింది. ఆ నిమిషంలోనే సార్‌కి చెప్పాను. చూసుకుంటానన్నారు. చూశారా లేదా అని నేను మళ్ళీ అడగలేదు. అడగాల్సింది. నా వల్ల జరిగింది అంతవరకు. తర్వాత ఏమైందో నేను చెప్పను, సారే చెప్తారు.”

పెద్ద డాక్టరుగారి చేతిలో పెన్ను గాల్లోనే ఉండిపోయింది.

“మేడమ్, మీరు కాస్త బయట…” అన్నాడు అల్లుడుగారు.

“వెళ్ళను సార్. మీరు చెప్పేది నేనూ వింటాను.”

దర్జీ భార్య అల్లుడుగారి వైపు తిరిగింది. అందరి చూపులూ తన మీద పడేసరికి ఆయనకి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. “అంటే… చిన్న కమ్యూనికేషన్ గ్యాప్ అమ్మా” అన్నాడు.

“అంటే ఏంటి బాబూ?” అంది ఆమె. ఆమెకి నిజంగానే తెలియదు.

“అదే, ప్రాసెస్‌లో… సమాచారం ఒక చోటి నుంచి ఒక చోటికి…”

“తెలుగులో చెప్పు” అన్నాడు లారీ డ్రైవరు. గట్టిగా కూడా అనలేదు.

అల్లుడుగారు మామగారి వైపు చూశాడు. మామగారు పెన్నుల వైపు చూశారు. కబురమ్మ వైపు చూశాడు. ఆవిడ చేతులు కట్టుకుని, మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ నిలబడింది. ఈ మనిషికి చెడ్డమాట చెప్పడం చేతకాదు, ఎప్పుడూ చెప్పి ఎరుగడు, ఇప్పుడు నేర్చుకుంటున్నాడు అనుకుంది. జాలి వేస్తుందేమోనని తనలో తాను వెతుక్కుంది. వెయ్యలేదు.

చాలాసేపు నీళ్ళు నమిలి, చివరికి, “మర్చిపోయాను” అన్నాడు.

దర్జీ భార్య ఆ మాట విని చేతుల్లో మొహం పెట్టుకుంది. అన్నయ్య ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. తిట్లు వస్తాయనుకున్నారందరూ. రాలేదు. కాసేపటికి ఆమె తలెత్తి, “మా ఆయన లేవగానే మీరొచ్చి ఆయనతో కూడా ఈ మాట చెప్పాలి” అంది అల్లుడుగారితో. “ఎవర్నీ పంపించకండి. మీరే రండి.” పెద్ద డాక్టరుగారు అప్పుడు లేచి, “వస్తాడమ్మా, నేను తీసుకొస్తాను” అన్నారు. ల్యాబ్ ఫోన్లు ఇంక నేరుగా సిస్టర్‌కే పోవాలని ఆ గదిలోనే, ఆ ఇద్దరి ముందే అన్నారు. ఆ నిశ్శబ్దం తనకి ఎంత నచ్చిందో తలచుకుని సిగ్గుపడ్డారేమో మరి.

వాళ్ళు వెళ్ళాక కబురమ్మ తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. ఇంతలో పెద్ద సిస్టర్ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. హాల్లోంచి అంతా విన్నట్టుంది. థాంక్స్ చెబుతుందని మీరు అనుకుంటే ఆవిడ మీకు తెలియనట్టే.

“నా తరపున మాట్లాడమని నేనడిగానా?” అంది.

“మీ తరపున కాదు. నా తరపున మాట్లాడుకున్నాను.”

పెద్ద సిస్టర్ ఆవిడని ఎగాదిగా చూసింది. “చెయ్యి ఇలా ఇవ్వు. మొహం తెల్లగా పాలిపోయింది” అని బీపీ పట్టీ చుట్టేసింది. పంపు నొక్కుతూ గొణుక్కుంటూనే ఉంది.

ఆ పట్టీ ఇంకా విప్పకుండానే రిసెప్షన్ అమ్మాయి వచ్చింది. అల్లుడుగారు పిలిపించి ఏదో చెప్పినట్టున్నాడు. పిల్ల మొహం మాడ్చుకుని, గోడకి చేరగిలబడింది. “మేడమ్, సార్ మీతో ఒక మాట చెప్పమన్నారు. నేను చెప్పనన్నాను. నాకు నోరు రావట్లేదని చెప్పేశాను” అంది. తర్వాత మందుల కౌంటరాయనని పిలిచారు. ఆయనకి అప్పుడే అర్జెంటుగా స్టాకు చూసుకోవాల్సి వచ్చింది. ఇంకొకరిని పిలుద్దామంటే, ఈ పని చెయ్యడానికి ఆ భవనంలో ఉన్నది ఒక్క మనిషే. ఆ మనిషికి ఆ మనిషి చేతే ఎలా చెప్పించడం!

చివరికి అల్లుడుగారే బయటికొచ్చాడు. హాలు నిండా పేషెంట్లు. అంత మంది మధ్యలోంచి నడిచి కబురమ్మ బల్ల ముందు నిలబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. పెద్ద సిస్టర్ చేతిలో పంపు పట్టుకుని అక్కడే ఉంది, కదల్లేదు.

“మేడమ్… రేపటి నుంచి మీరు…” అన్నాడు.

“గట్టిగా చెప్పండి సార్. వినపడట్లేదు.”

“రేపటి నుంచి మీరు రావద్దు” అన్నాడు. ఈసారి హాలంతటికీ వినిపించింది. దగ్గుతున్న ముసలాయన దగ్గు ఆపుకున్నాడు.

ఆ మాట ఇంత బరువుంటుందని కబురమ్మకి ఇప్పుడే తెలిసింది. అయినా చూపు దించుకోలేదు. “ఎందుకు సార్?” అని అడిగింది.

ఆయన సమాధానం కోసం వెతుక్కున్నాడు. అబద్ధం చెప్పలేదని అనాలా? నిజం చెప్పిందని అనాలా? ఏది అన్నా హాల్లో ఇంతమంది వింటారు. పెద్ద సిస్టర్ వింటుంది. సగం తెరిచిన తలుపు వెనక మామగారు వింటారు. చెవులు ఎర్రబడ్డాయి.

కబురమ్మ కాసేపు మర్యాదగా ఎదురు చూసింది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుంది.

“పర్వాలేదు సార్, తొందరేం లేదు. ఎందుకో తెలిశాక మీరే వచ్చి చెప్పండి. అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను” అంది.

బల్ల మీద ఫోన్ మోగుతోంది. ఆవిడ పట్టీ కట్టని చేత్తో అందుకుంది.